నీళ్ళు వేడెక్కడం లేదట

గీజర్ మేస్త్రికి ఆ ఇంటి నుంచి ఫోను రావడం అది నాలుగోసారి. పన్నెండు రోజుల్లో నాలుగుసార్లు. అదే బాత్రూము, అదే గీజరు, అదే పాట. ముప్ఫై ఏళ్ళుగా వేడినీళ్ళ పని తప్ప మరో పని ముట్టని మనిషికి ఇంతకంటే తలవంపులు ఏముంటాయి? ఫోను జేబులో పడేసి, తింటున్న పళ్ళెం పక్కకు నెట్టేశాడు.

"ఎవరు?" అంది భార్య.

"ఇంకెవరు? లాండ్రీ ఆవిడ. నీళ్ళు వేడెక్కడం లేదట. ఆవిరి మాత్రం బాగానే వస్తోందట, నీళ్ళలోనే వేడి లేదట. విన్నావా ఎక్కడైనా?"

"పాపం, మంచాన పడ్డ మొగుడితో వేగుతోంది."

"ఆయనతో ఆవిడ వేగుతోంది సరే, ఆవిడతో నేను వేగలేక చస్తున్నాను."

మేస్త్రి తన పనిలో ఘటికుడే. ఆ మాట అతని శత్రువులు కూడా ఒప్పుకుంటారు. కాకపోతే ఇలాంటి ఘటికులకు ఒక జబ్బుంటుంది. యంత్రంలో లోపం లేదని తేలితే, ఇక లోకంలో ఎక్కడా లోపం లేదనుకుంటారు. పైగా ఎవరైనా ఉందంటే, ఆ అన్నవాళ్ళ బుర్రలోనే ఉందని తేల్చేస్తారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు అతనికి ఆవిడ మీద జాలే కలిగింది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. భర్త బస్సు డ్రైవరుగా చేసి చేసి, రిటైరయ్యే లోపే పక్షవాతం వచ్చి పడిపోయాడు. కుడివైపంతా చచ్చుబడింది. మాట పోయింది. ఎడమ చెయ్యి ఒక్కటి ఆడుతుంది, కళ్ళు తిరుగుతాయి. ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ళు లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ మీద నిలబడి పని చేసి, ఇప్పుడు అది మానుకుని ఆయన్ని చూసుకుంటోంది. రోజూ వేడినీళ్ళ స్నానం చేయిస్తే బిగుసుకున్న కండరాలు వదులవుతాయని డాక్టరు చెప్పాడు. డాక్టరు మాటంటే ఆవిడకు వేదవాక్కు.

"నీళ్ళు పోస్తుంటే ఏడుస్తున్నాడు మేస్త్రీ," అందావిడ ఆరోజు. "చలికి. ఈయన సంగతి మీకు తెలీదు. పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్నాను కదా, చలంటే పిరికి. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళేముందు నీళ్ళు పెడితే, ఇవి నీళ్ళా, మంచుగడ్డలా అని సణుగుతూనే పోసుకునేవాడు. ఎంత కాచినా చాలేది కాదు ఈయనకి."

చెబుతూ ఆవిడ నవ్వింది. మొగుడి చాదస్తాన్ని పదిమందిలో చెప్పుకునే భార్యలకు ఉండే మురిపెం ఆ నవ్వులో ఉంది.

మేస్త్రి ఆరోజు పద్ధతి ప్రకారమే వెళ్ళాడు. కరెంటు అందుతోందా? అందుతోంది. కాయిలు బాగుందా? మీటరు పెట్టి చూస్తే బాగానే ఉంది. విప్పి చూస్తే దాని చుట్టూ వేలి మందాన తెల్లటి గార పేరుకుపోయి ఉంది. ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాడు. గారంతా గీకి, ట్యాంకు కడిగి, థర్మోస్టాటు ఒక గీత పెంచి వచ్చేశాడు.

నాలుగు రోజులకు మళ్ళీ ఫోను. ఈసారి కుళాయిని అనుమానించాడు. వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిసి వచ్చే ఒంటి పిడి కుళాయి అది. లోపలి గుండు అరిగిపోతే చన్నీళ్ళు దొంగచాటుగా వేడినీళ్ళలో కలుస్తాయి. కింద చన్నీళ్ళ గొట్టం కట్టేసి చూశాడు, ఏమీ కలవడం లేదు. అయినా ఎందుకొచ్చిన గొడవని గుండు మార్చాడు, థర్మోస్టాటు మార్చాడు, ఇంకో గీత పెంచాడు.

మూడోసారి వెళ్ళేసరికి మార్చడానికి ఏమీ మిగల్లేదు. కుళాయి విప్పి చెయ్యి పెట్టాడు. చురుక్కుమంది.

"వేడిగా ఉన్నాయి కదమ్మా!"

ఆవిడ వచ్చి అదే ధారలో తన చెయ్యి పెట్టింది. పెట్టి, అలాగే ఉంచేసింది. "ఇదా వేడి?" అంది, మేస్త్రి ముఖంలోకి చూస్తూ.

"మీరు పోసుకున్నప్పుడు ఎలా ఉంటున్నాయి?"

"నాకెందుకు వేడినీళ్ళు? జన్మంతా లాండ్రీ ఆవిరిలో ఉడికినదాన్ని. నేనెప్పుడూ చన్నీళ్ళే."

సరైన ప్రశ్నే అడిగాడు మేస్త్రి. జవాబు కూడా సరిగ్గానే వచ్చింది. ఆ నీళ్ళు ఈ ఇంట్లో ఆ ఒక్క మనిషి ఒంటి మీదే పడుతున్నాయనీ, ఆయనకు నోరు లేదనీ అక్కడికక్కడే తట్టాలి. తట్టలేదు. ఆవిడ చెయ్యి అంతసేపు ధార కింద ఉండటం అతను చూశాడు. చూసి, పంతానికి పెట్టిందనుకున్నాడు. తన ముప్ఫై ఏళ్ళ అనుభవాన్ని ఒక ఇస్త్రీ ఆవిడ ఇంత తేలిగ్గా తీసిపారేస్తుందా అని ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు చెయ్యకూడని పని చేశాడు. కుళాయి పిడి కింద ఒక చిన్న ప్లాస్టిక్ రింగు ఉంటుంది. పిల్లలూ ముసలివాళ్ళూ ఉన్న ఇళ్ళలో పిడి పూర్తిగా వేడివైపు తిరగకుండా అడ్డుపడేది అదే. దాన్ని ఊడబెరికాడు. గీజరు దగ్గరికి వెళ్ళి థర్మోస్టాటును చివరి గీత దాకా తిప్పేశాడు. అడిగింది ఇచ్చేస్తే పీడా వదిలిపోతుందనుకున్నాడు.

బయటికి వస్తుంటే ముందు గదిలో మంచం మీదున్న ఆయన ఎడమ చెయ్యి చాచి మేస్త్రి మణికట్టు పట్టుకున్నాడు. పట్టు గట్టిగానే ఉంది. కళ్ళు బాత్రూము వైపు తిప్పాడు, మళ్ళీ మేస్త్రి వైపు తిప్పాడు. గొంతులోంచి ఏదో గరగర వచ్చింది.

"మీరొచ్చారని సంబరం," అంది ఆవిడ. "మనిషి మొహం చూసి ఎన్నాళ్ళైందో."

మేస్త్రికి ఆలస్యమవుతోంది. ఆ వేళ్ళను ఒక్కొక్కటే మెల్లగా విడదీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అది జరిగి నాలుగు రోజులైంది. ఇప్పుడు ఈ నాలుగో ఫోను.

స్నానం అయ్యాక, పదకొండింటికి రమ్మంది ఆవిడ. మేస్త్రి కావాలనే పదింటికే బయల్దేరాడు. స్నానం జరుగుతుండగానే వెళ్ళి, నీళ్ళు వేడిగా ఉన్నాయో లేదో ఆవిడ కళ్ళముందే తేల్చి, ఈ పంచాయతీ ముగించేద్దామని అతని ఉద్దేశం. దారిలో నాలుగు మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు. మర్యాదగా ఉండేవి రెండు, లేనివి రెండు.

రెండో అంతస్తు మెట్ల మలుపులో ఆ అరుపు వినిపించింది.

ఇన్నిసార్లు వచ్చినా అది అతను వినలేదు. ఎప్పుడూ స్నానం అయిపోయాకే వచ్చాడు. మాట పోయిన మనిషి అరుపు ఎలా ఉంటుందో అతనికి తెలియదు. దానికి మొదలూ చివరా లేవు. ఒకసారి ఆగింది. నీళ్ళ చప్పుడైంది. మళ్ళీ మొదలైంది. ఇది చలికి ఏడ్చే ఏడుపు కాదని, గీజర్లూ గొట్టాలూ తప్ప ఏమీ తెలియని ఆ మనిషికి కూడా అర్థమైంది. మేస్త్రి మిగతా మెట్లు రెండేసి చొప్పున ఎక్కి తలుపు బాదాడు.

"ఎవరూ? నెట్టుకుని రండి, గడియ వెయ్యలేదు!"

బాత్రూములో కిటికీ లేదు. ఆవిరిలో మసకబారిన బల్బు వెలుగుతోంది. ఆవిడ లాండ్రీలో వాడిన పొడుగు చేతుల రబ్బరు కోటు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని ఉంది. ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టి, జారిపోకుండా ఛాతీకి తువ్వాలు చుట్టి వెనక్కి కట్టింది. పక్కన బకెట్టు, ఆవిడ చేతిలో మగ్గు. ఆయన ఎడమ చెయ్యి గాల్లో ఆ మగ్గును తోసేస్తోంది.

"చూశారా మేస్త్రీ?" అందావిడ. "చలికి ఎలా వణికిపోతున్నాడో మీరే చూడండి. ఇంకా నీళ్ళు బాగున్నాయంటారా?"

మేస్త్రి ఆయన ఒళ్ళు చూశాడు. భుజాలూ తొడలూ కందిపోయి ఉన్నాయి. చచ్చుబడిన కుడివైపు తొడ మీద చర్మం పొరలా లేచి, కింద పచ్చిగా కనబడుతోంది.

"అదేంటమ్మా అక్కడ?"

"పడుకుని పడుకుని ఒరుసుకుపోయింది. మందు రాస్తున్నాను."

మేస్త్రి వంగి బకెట్టులో రెండు వేళ్ళు ముంచి, అంతే వేగంగా లాక్కున్నాడు. మారుమాట లేకుండా వేడినీళ్ళు కట్టేసి, ఆవిడ చేతిలోని మగ్గు గుంజుకుని మూలకు విసిరి, బకెట్టు కుర్చీకి దూరంగా లాగాడు. గోడకున్న ఇంకో మగ్గు తీసి చన్నీళ్ళ కింద పెట్టాడు.

"ఏం చేస్తున్నారు?" ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. ఇస్త్రీ పెట్టె తిప్పిన చెయ్యి, ఉక్కు పట్టు. "చన్నీళ్ళు పోస్తారా ఆయన మీద? చంపుదామనే?"

"ఒళ్ళు కాలిపోయిందమ్మా ఆయనకి! నీళ్ళు సలసలా కాగుతున్నాయి!"

"ఇవా?" ఆవిడ బకెట్టు వైపు వంగి, మణికట్టు దాకా చెయ్యి ముంచింది. ముంచి, ఉంచింది. "గోరువెచ్చగా కూడా లేవు. మీరే చూడండి, నా చెయ్యి ఇందులోనే ఉంది కదా."

మేస్త్రి ఆ చెయ్యి చూశాడు. ఈసారి పంతం కోసం కాదు, చెయ్యి కోసమే చూశాడు. బొటనవేలి కింద తెల్లటి బొబ్బ. పక్కన ఇంకోటి చితికి, తోలు ముడుచుకుని ఉంది. ఆవిడ ముఖంలో నొప్పి జాడే లేదు. పన్నెండు రోజులుగా గీజరు బాగుంది, కాయిలు బాగుంది, కుళాయి బాగుంది. పాడైంది ఆ చెయ్యి. నీళ్ళు చూసి చెప్పే చెయ్యి ఈ ఇంట్లో అదొక్కటే.

ఒక్క క్షణం అతనికి ఒక దారి కనబడింది. థర్మోస్టాటు చెడిపోయిందమ్మా, తప్పంతా నాదే, అనేస్తే సరి. అందులో సగం నిజమే. ఆవిడ నాలుగు తిట్లు తిడుతుంది, తను తలొంచుకుని పడతాడు, మొగుణ్ణి తన చేత్తోనే కాల్చుకున్నానన్న మాట ఆవిడకు ఎప్పటికీ తెలియదు. చాలా మంచి అబద్ధం. కానీ రేపు? గీజరు తీసేసినా పొయ్యి మీద కాచి తెస్తుంది. చూసేది ఈ చెయ్యే. చలి చలి అంటూ ఇంకా కాస్తుంది. ఆయన మళ్ళీ అరుస్తాడు. ఈసారి మెట్ల మీద ఎవరూ ఉండరు.

"అమ్మా, ఒక్క నిమిషం నా మాట వినండి. కళ్ళు మూసుకోండి."

"ఇదేం ఆట?"

"ఆటే అనుకోండి. ఒక్కసారి."

మూలకు విసిరిన మగ్గు తెచ్చి అందులో బకెట్టు నీళ్ళు ముంచాడు. రెండో మగ్గులో చన్నీళ్ళున్నాయి. రెండు గొట్టాలున్నప్పుడు ఏది పాడైందో తేల్చడానికి ఒకటి కట్టేసి, ఒకటి విప్పి చూస్తారు. అతనికి తెలిసిన విద్య అదే. ఆవిడ చెయ్యి పట్టుకుని వేలి కొసలు మొదట వేడి మగ్గులో తాకించి తీసేశాడు.

"ఇవేం నీళ్ళు?"

"చన్నీళ్ళు."

రెండో మగ్గులో ముంచాడు.

"ఇవి?"

"ఇవీ చన్నీళ్ళే. రెండిట్లోనూ అవే పట్టారా ఏమిటి?"

ఎడమ చెయ్యి ఒకసారి. మళ్ళీ కుడి చెయ్యి, మగ్గులు మార్చి. జవాబు మారలేదు. నాలుగోసారికి ఆవిడ గొంతులో విసుగు పోయి ఇంకేదో వచ్చింది. కళ్ళు తెరిచింది. తన వేళ్ళున్న మగ్గు మీంచి ఆవిరి లేస్తోంది. దానికేసి చూస్తూ, "ఆవిరి వస్తూనే ఉంటుంది," అంది నెమ్మదిగా. "నీళ్ళలోనే వేడి..."

మేస్త్రి ఆవిడ రబ్బరు కోటు చెయ్యి మోచేతి పైదాకా మడిచాడు. ఆ నీళ్ళలోనే వేలు ముంచి, ఒక్క చుక్క, మోచేతి మడతలో లేతగా ఉన్నచోట వదిలాడు.

ఆవిడ కెవ్వుమంది. చెయ్యి వెనక్కి లాక్కుని గోడకు కొట్టుకుంది.

ఆయన అరవడం మానేసి, భార్య ముఖంలోకే చూస్తున్నాడు. ఆవిడ తన చేతులు రెండూ ముందుకు చాపి, ఎవరివో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకుంది.

"తిమ్మిరెక్కుతూ ఉండేవి," అంది. "ఇస్త్రీ చేసే వాళ్ళందరికీ ఉండేదే కదా అనుకున్నాను."

మేస్త్రి చేతిలోని మగ్గు కింద పెట్టాడు.

"ఏడుస్తుంటే..." ఆవిడ భర్త వైపు తిరిగింది. "ఏడుస్తుంటే, ఇంకా చలేస్తోంది కాబోలని రెండు మగ్గులు ఎక్కువ పోసేదాన్ని మేస్త్రీ. రోజూ. తల నిమిరి, ఇంకొక్క మగ్గయ్యా, వెచ్చబడిపోతావు అని..."

"ఇంత వేడి మీ తప్పు కాదు. రింగు పీకేసింది నేను. కాలుతున్నాయని తెలిసి కూడా పెంచింది నేనే."

"మీ చేతికి తెలిసింది కదా," అంది ఆవిడ. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టుంది. "మీకు కాలింది, నాకు కాలలేదు. ఇదేంటమ్మా, నీ చేతికేమైంది అని ఒక్క మాట అడగలేకపోయారా?"

మేస్త్రి దారంతా సిద్ధం చేసుకున్న నాలుగు మాటల్లో ఒక్కటీ పనికొచ్చేది కాదు. అతనికి ఆయన వేళ్ళు గుర్తొచ్చాయి. ఒక్కొక్కటే విడదీసుకుని వెళ్ళిపోయాడు తను.

ఫోను తీసి అంబులెన్సుకు చేశాడు. అవతలి అమ్మాయి ప్రశ్న మీద ప్రశ్న అడిగి, బండి బయల్దేరిందని చెప్పింది. వచ్చే దాకా కాలినచోట మామూలు కుళాయి నీళ్ళు పోస్తూ ఉండమంది. ఇరవై నిమిషాలు, ఆపకుండా. మంచు వద్దంది, మందులేవీ రాయొద్దంది.

"నేను పోస్తాను," అంది ఆవిడ వెంటనే. "నేనే పోస్తాను."

కుళాయిని పూర్తిగా చన్నీళ్ళ వైపు తిప్పి, బకెట్టు కడిగి నింపింది. నిండాక మేస్త్రి వైపు చూసింది. అతను చెయ్యి పెట్టి చూసి తలూపాడు. అయినా ఆవిడకు నమ్మకం కుదరలేదు. కోటు చెయ్యి పైకి లాగి, మోచెయ్యి ముంచి చూసుకుంది. చల్లగా తగిలినట్టుంది. మగ్గు ముంచి భర్త వైపు తిరిగింది.

ఆయన ఎడమ చెయ్యి పైకి లేచింది. ముఖానికి అడ్డంగా పెట్టుకున్నాడు. గొంతులోంచి మళ్ళీ ఆ అరుపు వచ్చింది. నీళ్ళింకా ఒక్క బొట్టు కూడా పడలేదు.

"చన్నీళ్ళయ్యా. ఒట్టు. చూడు, నా మోచెయ్యి పెట్టి చూశాను." ఆవిడ మగ్గు కాస్త వంచి, తన మోచేతి మీదే పోసుకుని చూపించింది. "చూశావా? ఏం లేదు. చల్లగా ఉన్నాయి. నిన్ను కాలుస్తానా నేను?"

ఒక్క అడుగు దగ్గరికి వేసింది. ఆయన గోడవైపు ఒరిగిపోయాడు. కట్టిన తువ్వాలు ఛాతీకి బిగుసుకుంది. కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. కళ్ళు ఆ మగ్గు మీద లేవు. మగ్గు పట్టుకున్న మనిషి మీద ఉన్నాయి.

ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ ఆ చూపు ఎరగదు. చెయ్యి చాపి అలాగే నిలబడిపోయింది. తర్వాత మగ్గు మేస్త్రి చేతిలో పెట్టేసింది.

"మీరు పొయ్యండి. నేనిక్కడ ఉంటే కాదు."

ఆవిడ బయటికి నడిచి తలుపు దగ్గరగా వేసింది. మేస్త్రి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూచుని మగ్గు ముంచాడు. ఆయన తలుపు వైపు చూశాడు. అది మూసే ఉంది. అప్పుడు చెయ్యి మెల్లగా ముఖం మీంచి దించి, ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదటి మగ్గు తొడ మీద పడ్డప్పుడు ఒళ్ళంతా ఒకసారి బిగుసుకుంది. రెండో మగ్గుకు వదులైంది. మూడో మగ్గుకు కళ్ళు మూసుకున్నాడు.

"ఏడుస్తున్నాడా?" తలుపు అవతల నుంచి అడిగింది ఆవిడ.

మేస్త్రి ఆయన ముఖం చూశాడు.

"లేదమ్మా," అన్నాడు. "ఏడవడం లేదు."

మేస్త్రి ఇంకో మగ్గు ముంచాడు.